‘మార్పులు చేయరాదు’ అనే బోర్డును మలుపు నుంచి తీయించుట గురించి

రహదారుల శాఖ ముఖ్య ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గోడౌను మలుపు వద్ద తమ శిక్షణ విభాగం వారు పాతిన బోర్డును తీయించి, ఇనుప రెయిలింగు వేయించుట, తద్వారా మా మేనకోడలిని రోడ్డు మీద నుంచి ఇంట్లోకి రప్పించుట గురించి.

సూచిక: ఇంతకు ముందు పెట్టుకున్న అర్జీలు. వాటికి జవాబులు రాలేదు కనుక నంబర్లు లేవు.

నేను గోడౌను మలుపులో, రోడ్డుకు లోపలి వైపు ఇంట్లో ఉంటూ బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని. మా తోడబుట్టినవాళ్లలో పెద్దదాన్ని కాబట్టి ఈ చుట్టుపక్కల అందరికీ పెద్దక్కనే. తక్కువ మాట్లాడడం నా అలవాటు. ఈ అర్జీ పొడుగైతే ఆ తప్పు మలుపుది, నాది కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

1. సదరు మలుపు స్వరూపం ఏమనగా: గోడౌను ప్రహరీ అడ్డు ఉన్నందున ఎదురుగా వచ్చే బండి మీదికి వచ్చేదాకా కనబడదు. రోడ్డు లోపలికి వాలవలసినది బయటికి వాలి ఉంది. వాన పడితే గోడౌను ఆవరణలోంచి నీళ్లతో పాటు కంకర కొట్టుకొచ్చి సరిగ్గా మలుపులోనే పేరుకుంటుంది. బయటి వైపు లోతైన గుంట, అడుగున రాళ్లు. అడ్డంగా ఏమీ లేదు.

నా కుట్టు మిషను కిటికీ పక్కన ఉంటుంది. కుట్టుకుంటూ రెండు శబ్దాలు వింటూ ఉంటాను. మొదటిది బ్రేకు. అది వినగానే పెడలు మీద కాలు ఆగుతుంది. రెండో శబ్దం రాకపోతే దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్లీ తొక్కుతాను. వస్తే నీళ్ల చెంబు తీసుకుని బయటికి వెళతాను. ఆ రెండు శబ్దాల నడుమ పెద్ద ప్రార్థనకు వ్యవధి ఉండదు. అందుకే నా ప్రార్థన అరిగి అరిగి ఒక్క మాటకు వచ్చింది. ‘వద్దు.’ అంతే.

2. మా తమ్ముడు నీళ్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కు. ఒక సాయంత్రం ఎవరిదో నీళ్ల మోటారును తన స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి వస్తూ ఆ గుంటలో పడ్డాడు. పడింది మావాడని శబ్దాన్ని బట్టి తెలియలేదు. పడేటప్పుడు అన్ని బండ్లూ ఒక్కలాగే ఉంటాయి. చెంబుతో దిగి చూసేదాకా తెలియలేదు.

“అక్కా, మోటారు పగిలిందేమో చూడు. వాళ్లది అది,” అన్నాడు.

“పగల్లేదురా,” అన్నాను. పగిలింది.

ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. కాగితాల్లో ‘అతివేగం’ అని రాశారు. అంత బరువు కాళ్ల మధ్య పెట్టుకుని అతివేగంగా పోగలిగినవాడైతే మెకానిక్కుగా ఎందుకుంటాడు, సర్కసులో చేరేవాడు కదా అని అడిగాను. అడిగిన మాట కాగితంలో రాయలేదు.

3. ఆ తరవాత కొన్నాళ్లకు తమ శాఖ వ్యాను ఒకటి మా ఇంటి ముందు ఆగింది. దాని మీద ‘రోడ్డు భద్రతా విశ్లేషణ, ప్రమాద నివారణ: పరిచయ శిక్షణ’ అని బట్ట కట్టి ఉంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు, మెరిసే పట్టీల కోట్లు వేసుకుని, టేపులూ సుద్దముక్కలూ పట్టుకుని దిగారు. వాళ్లకు పాఠం చెప్పే ఆయన ఎండైనా వానైనా గొడుగు మూసి చేత్తో పట్టుకునే ఉంటారు. ఎక్కడ ఏముందో దాంతోనే చూపిస్తారు. మా ఇంట్లో ఆయనకు గొడుగు సారు అనే పేరు పడిపోయింది.

ఆ రోజు పాఠం నేను కిటికీలోంచి విన్నాను.

“ఇక్కడొక స్కూటరతను పడి చనిపోయాడు. ఎందుకు?” అని అడిగారు.

“తాగి ఉంటాడు సార్,” అన్నాడొక పిల్లవాడు.

“తాగలేదు. ఇంకా?”

“స్పీడు సార్.”

“కాదనుకో. ఇంకా?”

“ఫోన్లో మాట్లాడుతూ ఉంటాడు సార్.”

“మీరంతా ఆ మనిషిని వదలట్లేదే. కాసేపు అతన్ని వదిలి కిందకి చూడండి. ఏముంది?”

“రోడ్డు సార్.”

“అదీ. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. నేనూ చేస్తాను, మీ నాన్నా చేస్తాడు. పొరపాటు చేస్తే మోకాలు గీరుకుపోవాలి, ప్రాణం పోకూడదు. ప్రాణం పోయిందంటే ముందు రోడ్డునే అడగాలి.”

మావాణ్ణి వదిలి రోడ్డును అడిగిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. మిషను మీద తల ఆనించి కాసేపు ఉండిపోయాను. తరవాత ఆయన అడగకుండానే గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన మొహమాటపడుతూ, “అక్కగారూ, సాక్షులతో ఎలా మాట్లాడాలో మా పిల్లలకి చేతకాదు. పోలీసుల్లా గద్దిస్తారు. మీరు కాస్త చెబితే నేర్చుకుంటారు,” అన్నారు.

చెప్పాను. అది మొదలు ఏ బ్యాచి వచ్చినా నేనే సాక్షిని. వాళ్లు అడుగుతారు, నేను మా తమ్ముడి చావు చెబుతాను, వాళ్లు రాసుకుంటారు. కొందరికి కళ్లనీళ్లు వస్తాయి. “కళ్లు తుడుచుకుని కొలతలు తీయండి,” అంటారు గొడుగు సారు. ప్రతి బ్యాచీ వాలు సరిచేయాలనీ, కాలువ తవ్వాలనీ, గుంట పక్కన రెయిలింగు వేయాలనీ ఒకే మాట రాస్తుంది. నేను చెప్పిన ప్రతిసారీ ఆ గుంటలో ఒక తట్ట మట్టి పడుతున్నదనే అనుకున్నాను. ఆ రాతలు శిక్షణ విభాగంలో మార్కులు వేయించుకుని బీరువాలోకి పోతాయని చాలా కాలానికి గానీ తెలియలేదు.

4. ఇక బోర్డు సంగతి. పిల్లలు గీసిన సుద్ద గీతలను దారినపోయేవాళ్లు తొక్కి చెరిపేస్తున్నారని, శిక్షణ విభాగం వారు మలుపు బయటి అంచున ఒక బోర్డు పాతించారు. ‘శిక్షణా స్థలం. ఇచ్చట ఎటువంటి మార్పులు చేయరాదు.’ కింద తమ శాఖ పేరు.

కొన్నాళ్లకు తమ శాఖవారిదే ఒక లారీ వచ్చింది. అందులో ఇనుప రెయిలింగులు, స్తంభాలు, పనివాళ్లు. నా కళ్లను నేను నమ్మలేకపోయాను. మిషను ఆపి, దేవుడి ముందు నిలబడి, బయటికి వచ్చాను. అప్పటికే మేస్త్రి లారీ దిగి నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు చదువుతున్నాడు.

“ఇదేంటక్కా, మార్పులు చేయకూడదంట?”

“అది సుద్ద గీతల గురించి బాబూ. వాటిని చెరపొద్దని.”

“గీతలని రాయలేదుగా. ఎటువంటి మార్పులూ అనుంది. కింద మా శాఖ పేరే ఉంది. మా శాఖ మాట మేమే కాదంటే రేపు మా మాట ఎవరు వింటారు?”

“నేను చెబుతున్నాను కదయ్యా. మా తమ్ముడు ఇక్కడే పోయాడు.”

“అయ్యో,” అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఎవరికో ఫోను చేశాడు. అవతలి వాళ్లు బోర్డు మీద ఏముందో చదవమన్నారు. చదివాడు. మరోసారి చదవమన్నారు. మరోసారి చదివాడు. పనివాళ్లందరూ మా ఇంట్లో నీళ్లు తాగారు. లారీ వెళ్లిపోయింది.

తెచ్చిన ఇనుము వెనక్కి తీసుకుపోతే సంజాయిషీ రాయాలట. అందుకని ముందుకు పోయి, తిన్నగా ఉన్న రోడ్డు పక్కన, చదునైన పొలం అంచున దాన్ని పాతేశారు. అక్కడ ఎవరూ పడరు. పడినా మెత్తగా పడతారు. ఇప్పుడు దాని మీద చుట్టుపక్కలవాళ్లు దుప్పట్లు ఆరేసుకుంటున్నారు.

ఈ సంగతి చెప్పగానే గొడుగు సారు బోర్డు తీయించమని పైకి రాశారు. వచ్చిన జవాబు నాకు చదివి వినిపించారు. శిక్షణా స్థలాల జాబితాలో ఉన్న చోటును మరమ్మతుల జాబితాలో చేర్చుటకు వీలుపడదట. శిక్షణా స్థలాల జాబితా నుంచి తొలగించాలంటే అక్కడ ప్రమాదాలు ఆగిపోయినట్లు నిర్ధారణ కావాలట.

“అంటే?” అని అడిగాను.

“అంటే ఏం లేదక్కా. మీరు మంచినీళ్లివ్వండి,” అన్నారు.

5. మా తమ్ముడి కూతురిని ఇంట్లో గువ్వ అంటాం. శిక్షణకు వచ్చేవాళ్లకు నీళ్లందిస్తూ, టేపు కొస పట్టుకుంటూ, గొడుగు సారు మాటలు వింటూ పెరిగింది. చదువు అయ్యాక పట్టుబట్టి తమ శాఖలోనే ఉద్యోగం తెచ్చుకుంది. చేరగానే అందరితో పాటు ఈ పరిచయ శిక్షణకే పంపారు. వ్యాను దాన్ని తీసుకొచ్చి దాని ఇంటి ముందే దింపింది.

మా మరదలు వంటింట్లో తలుపు వేసుకుని, “వదినా, దాన్ని లోపలికి రమ్మను,” అంది లోపలి నుంచే. రమ్మనలేదు. అది రాదు.

సాక్షిని అడిగే వంతు దానికి వచ్చింది.

“నువ్వొద్దులేమ్మా. ఇంకొకళ్లు అడుగుతారు,” అన్నారు గొడుగు సారు.

“నా వరస సార్ ఇది,” అని కాగితాల అట్ట పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

“ఆ సమయంలో మీరెక్కడున్నారండీ?”

“మిషను దగ్గరున్నానండీ,” అన్నాను. రోజూ జడలు వేసి బడికి పంపిన పిల్లను అండీ అన్నాను.

“మొదట ఏం వినపడింది?”

“బ్రేకు.”

“ఆ తరవాత?”

ఎన్నో బ్యాచిలకు చెప్పినదాన్ని, దాని ముందు చెప్పలేకపోయాను.

“ఇబ్బందైతే ఆపుదామండీ,” అంది. అలా అనాలని వాళ్లకు నేర్పుతారు.

“లేదు, అడగండి.”

అది కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. ఏ బ్యాచీ ఎన్నడూ అడగని మాట అడిగింది. “ఈ మలుపు బాగుచేస్తామని మీకెవరైనా చెప్పారాండీ?”

“చెప్పారండీ. వచ్చినవాళ్లందరూ చెప్పారు.”

అదీ రాసుకుంది. దాని రాతకు పూర్తి మార్కులు పడ్డాయి. మార్కులు చూసుకుని సంతోషించక, “ఇప్పుడిది ఎవరికి పంపాలి సార్?” అని అడిగిందట.

“ఎవరికీ కాదమ్మా. ఇది పరిచయ శిక్షణ. పంపడం, చేయించడం పై కోర్సులో వస్తాయి.”

“ఈలోపు?”

ఆయన మంచివారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. నివారణ అనే పాఠం పరిచయ శిక్షణలోనూ ఉన్నదనీ, కానీ అది చివరి రోజు మధ్యాహ్నానికి పడుతుందనీ, సర్టిఫికెట్లు ఇచ్చి గ్రూపు ఫోటో తీసుకునేసరికి వ్యాను డ్రైవరు తొందరపెడతాడనీ ఆయనే నాకు చెప్పారు.

6. అది మొదలు మా పిల్ల రోజూ ఆఫీసుకు వెళ్లే ముందూ, వచ్చాకా, ఎర్రజెండా పట్టుకుని మలుపులో నిలబడుతోంది. ఎదురుగా బండి వస్తుంటే ఇటువైపు వాళ్లకు ఊపుతుంది, ఇటు వస్తుంటే అటువైపు వాళ్లకు. ఆ జెండా కుట్టింది నేనే. కుట్టనంటే చున్నీ ఊపుతుంది. అందుకని గట్టి బట్టతో, రెండు మడతలు వేసి కుట్టాను.

మొదట్లో తమ శాఖవారిచ్చిన మెరిసే కోటు వేసుకుని నిలబడేది. విధుల్లో లేని సమయంలో శాఖ కోటు ధరించుట నిబంధనలకు విరుద్ధమని మెమో వచ్చింది. అప్పటి నుంచి కోటు తీసి నిలబడుతోంది. ఇప్పుడు అది దూరం నుంచి కనబడడం లేదు.

లారీవాళ్లు దాన్ని ఎరుగుదురు. “ఏం చెల్లెమ్మా, రైలొస్తోందా?” అని వేళాకోళం చేస్తారు.

“రాదన్నా. నువ్వొస్తున్నావుగా, అది చాలు. మెల్లగా పోనీ,” అంటుంది.

వాళ్లమ్మ గడప దాటి రోడ్డు దాకా వెళ్లి, “అన్నం చల్లారిపోతోందే, రా,” అంటుంది.

“మూత పెట్టమ్మా.”

“మీ నాన్నను చూశాను ఇక్కడ. నిన్ను కూడా చూడమంటావా?”

“చూడకు. లోపలికెళ్లు.”

నేను తక్కువ మాట్లాడేదాన్ని కాబట్టి నా మాట వింటుందని మరదలు నన్ను పంపింది. వెళ్లి పక్కన నిలబడి, “ఇంక చాల్లేవే తల్లీ,” అన్నాను.

“ఈలోపు ఎవరో ఒకరుండాలి కదత్తా,” అంది.

అక్కడే కాసేపు నిలబడి వచ్చేశాను.

అయ్యా, ఆ మలుపుకు మా ఇంట్లో ఒక మనిషిని ఇచ్చాం. రెండో మనిషి తనంతట తాను వెళ్లి నిలబడుతోంది.

7. ఈ చివరి ఫిర్యాదు తమ శాఖ పరిధిలోకి వస్తుందో రాదో నాకు తెలియదు. ఇదివరకు బ్రేకు వినబడితే ‘వద్దు’ అనేదాన్ని. ఇప్పుడు నా నోట ‘అది వద్దు’ అని వస్తోంది. ఎవరో ఒకరు పడక తప్పదంటే మా పిల్ల కాక ఇంకెవరైనా పరవాలేదని దాని అర్థం. ఆ ఇంకొకరికీ ఒక అక్క ఉంటుంది. ఇన్నేళ్లు పదిలంగా కాపాడుకున్న నా ప్రార్థన ఈ మలుపులో చెడిపోయింది. దీనికి మరమ్మతు నా వల్ల కావడం లేదు.

కావున తమరిని వేడుకునేది ఏమనగా:

సదరు బోర్డును తక్షణం తీయించవలెను.

పొలం పక్కన పాతిన రెయిలింగును ఊడదీయించి మలుపుకు తరలించవలెను. దుప్పట్లు ఆరేసుకునే వారితో నేను మాట్లాడి ఒప్పించాను.

రెయిలింగు వేసేదాకా మా పిల్లకు ఆ కోటు వేసుకునే అనుమతి ఇప్పించవలెను.

నన్ను సాక్షి పని నుంచి విడుదల చేయవలెను. నీళ్లు మాత్రం ఎవరొచ్చినా ఇస్తాను.

పై సంగతులన్నీ ఒక ఇంటి గోడుగా గాక ఒక రోడ్డు గోడుగా చిత్తగించవలెనని,

తమ విధేయురాలు,
గోడౌను మలుపు కుట్టు మిషను ఇంటి పెద్దక్క

తా.క.: ఈ కాగితాన్ని కవరులో పెట్టాను గానీ పోస్టు చేయకముందే మళ్లీ తెరవవలసి వచ్చింది.

ఈ ఉదయం వాన. మొదటి శబ్దం వచ్చింది. రెండోదీ వచ్చింది. నడుమ ఏమన్నానో చెప్పను.

చెంబు తీసుకుని వెళ్లేసరికి పిల్ల రోడ్డు మీద నిలబడే ఉంది. బ్రెడ్డు వ్యాను ఒకటి బోర్డును గుద్దుకుని, దాన్ని వేళ్లతో సహా లేపుకుని గుంటలో పడింది. నీళ్ల మీద బ్రెడ్డు పొట్లాలు తేలుతున్నాయి. డ్రైవరు మా తమ్ముడు పోయినప్పటి ఈడువాడు. చెంబు నోటికి ఆనించాను. ఒక గుక్క మింగాడు. రెండోది మింగలేదు.

“నన్ను చూసే బ్రేకు వేశాడత్తా,” అంది పిల్ల. “కంకర మీద జారింది.”

“నిన్ను చూడకపోతే ఇంకా వేగంగా పడేవాడే.”

“అది నీకెలా తెలుసు?”

తెలియదు. ఆ మాటే అన్నాను.

అది టేపు తీసి కొస నా చేతికిచ్చింది. “పట్టుకో,” అంది. పట్టుకున్నాను. ఏడుస్తూనే కొలిచింది. అంబులెన్సూ, పోలీసులూ వచ్చి వెళ్లారు.

తరవాత గొడుగు సారు ఫోను చేశారు. “ఇప్పుడే తెలిసిందక్కా. గుర్తులు చెరిగిపోకుండా కాస్త చూడండి, ఎల్లుండే కొత్త బ్యాచి,” అన్నారు. ఫోను పెట్టబోయి, “నేనిప్పుడు ఏమన్నానక్కా?” అని అడిగారు. ఆయన అన్నదే ఆయనకు చెప్పాను. ఫోను పెట్టేశారు.

గుర్తులు నేను కడిగేశాను. బిందెలతో నీళ్లు పోసి, చీపురు పట్టి, మా తమ్ముడి చోటు దగ్గర నుంచి మొత్తం కడిగాను. శిక్షణకు ఆటంకం కలిగించినందుకు తమరు ఏ చర్య తీసుకున్నా తల వంచుతాను.

బోర్డు గుంటలో బోర్లా పడి ఉంది. దాన్ని మళ్లీ పాతేలోపల లారీని పంపండి. ఇప్పుడు వస్తే వద్దనడానికి అక్కడ ఏమీ లేదు.

వాన కొంచెం తెరిపిచ్చింది. పిల్ల మళ్లీ వెళ్లి నిలబడింది. జెండా తడిసి, బురద పట్టి, దాని ఎరుపు కనబడడం లేదు. ఇంకొకటి కుడుతున్నాను.